పరీక్షలో డబ్బా వేరు, మన చేతిలో డబ్బా వేరు

(ఖమ్మంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్లాస్టిక్, ఆహారం, స్త్రీల ఆరోగ్యం అనే అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. ఈ అంశం మీద ఎవరు మాట్లాడినా చివరికి ఒక జాబితా చదువుతారు. వేడి కూర కవర్లో పోయించుకోకండి, ప్లాస్టిక్ గిన్నె మైక్రోవేవ్‌లో పెట్టకండి, సీసా అడుగున అంకె చూసి కొనండి, పాత డబ్బాలు పారేయండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ జాబితా ఎవరిని ఉద్దేశించి తయారైంది? ఇంట్లో నాలుగు రకాల గిన్నెలున్న స్త్రీని ఉద్దేశించి. ఆమెకు సమాచారం లేదు, అదొక్కటే లోటు, అది అందిస్తే సమస్య తీరిపోతుందన్నది దాని వెనకున్న నమ్మకం.

ఏన్కూరు దగ్గర మిరప తోట గట్టున ఒక ఆరోగ్య కార్యకర్త ఈ జాబితా చెబుతుంటే నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కోతలకు వచ్చిన ఒక కోయ స్త్రీ అంతా ఓపిగ్గా విని, "సరే అక్కా, మరి నీళ్లు దేంట్ల తెచ్చుకోమంటవ్?" అని అడిగింది. ఆమె పక్కన ఐదు లీటర్ల పామాయిల్ డబ్బా ఉంది. నూనె ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు అది నీళ్ల డబ్బా. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

ముందు అసలు ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. ప్లాస్టిక్ ఒకే పదార్థం కాదు. పొడవైన గొలుసుల్లాంటి అణువులు దానికి అస్థిపంజరం. మెత్తగా వంగడానికి, ఎండకు పెళుసెక్కకుండా ఉండటానికి, రంగు రావడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. ఈ కలిపినవాటిలో చాలావరకు గొలుసుకు గట్టిగా అతుక్కుని ఉండవు. సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. పక్కన వేడి, నూనె, పులుపు, సారాయి ఏది తగిలినా మెల్లగా బయటికి నడుస్తాయి. ఇంగ్లీషులో దీన్ని మైగ్రేషన్ అంటారు. సుక్మా, బీజాపూర్ నుంచి మన తోటలకు కోతలకు వచ్చేవాళ్ల గురించి వాడే మాటే ఇది. మనమూ వలస అనే అందాం. ఎంత ఎక్కువ వేడి, ఎంత ఎక్కువ కాలం, ఎంత ఎక్కువ కొవ్వు ఉంటే అంత వలస.

వెళ్లేవాటిలో కొన్ని శరీరంలో హార్మోన్ల వేషం వేస్తాయి. మెత్తటి ప్లాస్టిక్‌లో వాడే థాలేట్లు పురుష హార్మోన్ల పనికి అడ్డం పడతాయి. గట్టి పాలీకార్బనేట్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ ఈస్ట్రోజెన్‌లాగా పనిచేస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1930లలో లండన్‌లో ఛార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త కృత్రిమ స్త్రీ హార్మోన్ కోసం వెతుకుతూ బిస్ఫినాల్-ఎకి ఆ గుణం ఉందని చూపించాడు. తర్వాత ఆయన బృందం అంతకన్నా బలమైన డిఇఎస్‌ను తయారుచేసింది. దాన్ని గర్భిణీలకు మందుగా ఇచ్చారు. వాళ్లకు పుట్టిన ఆడపిల్లల్లో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. మందు పదవి దక్కని బిస్ఫినాల్-ఎ మాత్రం 1950ల నుంచి ప్లాస్టిక్ పరిశ్రమలో ఉద్యోగం సంపాదించుకుంది. హార్మోన్‌గా దానికున్న చరిత్ర తెలిసే ఇదంతా జరిగింది.

2023 ఏప్రిల్‌లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, ఒక మనిషి రోజూ తీసుకోగల బిస్ఫినాల్-ఎ హద్దును 2015లో తాను పెట్టిన దానికన్నా 20 వేల రెట్లు తగ్గించింది. 2024 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ ఆహారం తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది, మార్చుకోవడానికి గడువులు ఇచ్చింది. మన దగ్గర 2015లో పాలసీసాల ప్రమాణం నుంచి పాలీకార్బనేట్‌ను తీసేశారు. అది మంచి పనే. కానీ పాలసీసా దాటి బయటికి వస్తే, ఇవాళ ప్రతి ఊళ్లో "మినరల్ వాటర్" ప్లాంటు పెట్టి ఇరవై లీటర్ల క్యాన్లు తిప్పుతున్నారు. వాటిలో చాలా పాలీకార్బనేట్‌వే.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఆహారం తగిలే ప్లాస్టిక్ మన దేశంలో ఐఎస్ 9845 అనే ప్రమాణం ప్రకారం పరీక్ష దాటాలి. 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనల్లోనూ దీన్ని చేర్చారు. పద్ధతి వినండి, మీకు ఆసక్తిగా ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కను అసలు ఆహారంలో కాకుండా, ఆహారానికి బదులుగా నిలబెట్టిన ద్రవాల్లో ముంచుతారు. మామూలు తిండికి శుద్ధి చేసిన నీళ్లు, పుల్లటి వాటికి 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, మత్తు పానీయాలకు ఆల్కహాల్ కలిపిన నీళ్లు, నూనె వస్తువులకు హెప్టేన్ లాంటి ద్రవం. మన భాషలో చెప్పాలంటే చింతపండు పులుసుకు, జీలుగు కల్లుకు, ఇప్పనూనెకు తలా ఒక ప్రతినిధి ప్రయోగశాలలో ఉన్నాడు. చాలాకాలం నిల్వ ఉంచే సరుకు అయితే 40 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచుతారు. చివరికి ఎంత పదార్థం బయటికి వచ్చిందో తూచి చూస్తారు. కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు, లేదా చదరపు డెసిమీటరు ప్లాస్టిక్‌కు 10 మిల్లీగ్రాములు దాటకూడదు.

నేను ఈ పరీక్షను తీసిపారేయడం లేదు. అది లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది. కానీ దానిలో ఊహించుకున్న జీవితం ఎవరిది? నలభై డిగ్రీలు అన్నారు. కొత్తగూడెం, భద్రాచలంలో మే నెల 45 కూడా దాటుతుంది, అదీ నీడలో. రేకుల కప్పు కింద ఉన్న కిరాణా కొట్టులో, పామాయిల్ ప్యాకెట్లు ఎండలో దించిన సంతలో ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అరవై మిల్లీగ్రాములు అన్నారు. అది బయటికి వచ్చిన మొత్తం బరువు. కొన్ని లోహాల వంటి వాటికి విడివిడిగా హద్దులున్నా, మిగిలిన వాటిలో ఏది మైనం, ఏది హార్మోన్ వేషగాడు అని ఈ తూకం అడగదు.

చిన్న ప్యాకెట్ల లెక్క ఇంకా చిత్రమైనది. కిలోకు 60, చదరపు డెసిమీటరుకు 10 అనే రెండు హద్దులూ సమానం కావాలంటే కిలో ఆహారానికి ఆరు చదరపు డెసిమీటర్ల ప్లాస్టిక్ తగులుతుందనుకోవాలి. పెద్ద డబ్బాకు అది సరిపోతుంది. కానీ పది గ్రాముల పచ్చడి పొట్లం తీసుకోండి. ఏడు సెంటీమీటర్ల పొడవు, ఏడు వెడల్పు, రెండు వైపులూ కలిపితే దాదాపు ఒక చదరపు డెసిమీటరు. రెండో హద్దు ప్రకారం అందులోకి పది మిల్లీగ్రాముల దాకా రావచ్చు. పది గ్రాములకు పది మిల్లీగ్రాములు అంటే కిలోకు వెయ్యి! అంత వస్తోందని నేను అనడం లేదు, అంతవరకు వచ్చినా ఆ హద్దు అభ్యంతరం చెప్పదని అంటున్నాను. చిన్న పొట్లంలో తిండి తక్కువ, దానికి తగిలే ప్లాస్టిక్ ఎక్కువ. చిన్న పొట్లాలు కొనేది రోజుకూలీ మీద బతికేవాళ్లే. ఒకేసారి కిలో కొనగలిగిన ఇల్లాలికి ధరలోనే కాదు, ఇందులోనూ లాభమే.

పొట్లం అనగానే మన ఉద్యమ చరిత్ర ఒకటి గుర్తుకు రావాలి. 1980లలో ప్రభుత్వ 'వారుణి వాహిని' పథకం సారాను పాలిథిన్ ప్యాకెట్లలో ఊరూరా చేర్చింది. ప్యాకెట్ పగలదు, ఒలకదు, మోటారు సైకిలు మీద సంచిలో వేసుకుని గూడెం దాకా తీసుకుపోవచ్చు. ప్లాస్టిక్ లేకపోతే సారా అంత సులువుగా గుమ్మంలోకి వచ్చేది కాదు. 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. ఆ ప్యాకెట్లలో సారా ఎండలో ఎన్ని రోజులు నిలవుండేది, ఆల్కహాల్ ఆ పాలిథిన్ నుంచి ఏం లాక్కునేది అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు. రాకపోవడం సహజం. ఇల్లు తగలబడుతుంటే పొగలో ఏముందని ఎవరు అడుగుతారు? కానీ ప్యాకింగు అనేది సరుకు చుట్టూ ఉన్న అమాయకమైన కవరు కాదు, అది సరుకును ఎక్కడికి చేర్చాలో నిర్ణయించే శక్తి అని ఆ స్త్రీలు మనకన్నా ముందే తెలుసుకున్నారు.

తిరిగి ఆ నీళ్ల డబ్బా దగ్గరికి వద్దాం. నా ముఖ్యమైన అభ్యంతరం ఇక్కడుంది. ప్యాకింగును పరీక్షించేటప్పుడు కొత్త నమూనాను, తయారీదారు చెప్పిన వాడకానికి పరీక్షిస్తారు. పామాయిల్ డబ్బా పామాయిల్ కోసం పాసవుతుంది. అక్కడితో చట్టం దృష్టిలో దాని జీవితం అయిపోయింది. మన దగ్గర దాని జీవితం అప్పుడే మొదలవుతుంది. నీళ్లకు ఏడాది, తర్వాత కల్లుకు కొంతకాలం, మూత పోయాక పై భాగం కోసి పప్పులు పోసుకోవడానికి. ఇసుకతో, బూడిదతో, సర్ఫుతో తోమి తోమి లోపల గీతలు పడతాయి. యూరియా సంచి కడిగి ధాన్యం పోస్తారు. కూల్‌డ్రింకు సీసా గడపలో ఎండలో పడి ఉంటుంది. ఆ సీసా ప్లాస్టిక్ తయారీలో వాడే ఆంటిమొనీ అనే లోహం వేడికి నీళ్లలోకి ఎక్కువగా వస్తుందని అనేక పరిశోధనలు చూపించాయి. ఈ రెండో జీవితం ఏ పరీక్షా పత్రంలోనూ లేదు.

పాతబడిన, కడిగిన ప్లాస్టిక్ ఎంత తేడాగా ప్రవర్తిస్తుందో తెలిపిన ప్రసిద్ధమైన సంఘటన 1998లో అమెరికాలో ఒక ఎలుకల ప్రయోగశాలలో జరిగింది. పాట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ఆడ ఎలుకల అండాల మీద పని చేస్తోంది. ఏ మందూ ఇవ్వని ఎలుకల్లో ఉన్నట్టుండి అండాల క్రోమోజోములు గందరగోళమయ్యాయి. వెతికి వెతికి చూస్తే, పాలీకార్బనేట్ బోనులనూ నీళ్ల సీసాలనూ తప్పు డిటర్జెంటుతో, ఘాటైన క్షారంతో కడిగారని తేలింది. ప్లాస్టిక్ దెబ్బతిని బిస్ఫినాల్-ఎ వదులుతోంది. 2003లో ఆమె బృందం దీన్ని ప్రచురించింది. ఆ ఎలుకలకు లెక్క రాసి పెట్టుకునే శాస్త్రవేత్త ఉంది కాబట్టి తెలిసింది. వాటర్ ప్లాంట్ల దగ్గర క్యాన్లు దేనితో కడుగుతున్నారో మనలో ఎంతమందిమి ఎప్పుడైనా అడిగాం?

ఇక పురుగుమందు డబ్బా. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మిరప, పత్తి పండే నేల మనది. మందు కొట్టేది మగవాళ్లు. కానీ మందు కలపడానికి నీళ్లు మోసేది, కొట్టినవాళ్ల బట్టలు ఉతికేది, గట్టు మీద పడి ఉన్న ఖాళీ డబ్బాను చూసి "గట్టిగా ఉంది, మూత బాగుంది" అని ఇంటికి తెచ్చుకునేది స్త్రీలు. అది అజ్ఞానం అనకండి. బయట అలాంటి డబ్బా కొనాలంటే సగం రోజు కూలి. మందు డబ్బా ప్లాస్టిక్ తనలో ఉన్నదాన్ని వదలడమే కాదు, లోపల పోసిన మందును పీల్చుకుంటుంది కూడా. మూడుసార్లు కడిగితే అంటుకున్నది పోతుంది గానీ గోడల్లోకి ఇంకినది పూర్తిగా పోదు. తర్వాత పోసిన నీళ్లలోకి, నూనెలోకి అది మెల్లగా తిరుగు వలస వస్తుంది. వాసన పోయిందంటే మందు పోయినట్టు కాదు.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఆ నూనె పాత పురుగుమందు డబ్బాలో పోసి ఉండవచ్చని అధికారులు అన్నారు. నూనె వాసన తేడాగా ఉందని వంట చేసిన స్త్రీ చెప్పిందనీ, ఆమె మాట వినలేదనీ పత్రికల్లో వచ్చింది. ఆమె కూడా తిని ఆస్పత్రి పాలైంది. అది మనం మాట్లాడుకుంటున్న మెల్లటి వలస కాదు, ఒక్క పూటలో చంపిన విషం. అయినా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, మన అంగన్‌వాడీల్లో, బడుల్లో వంట చేస్తున్నదీ ఇలాంటి స్త్రీలే. డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే అధికారం వాళ్లకు లేదు.

1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు చూడండి. వాడిన డబ్బాలను తిరిగి వాడే వీలు లేకుండా చూడాలి, ఆరుబయట వదలకూడదు, పగలగొట్టి నివాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలి. యాభై ఏళ్లు దాటింది. మన తోటల గట్ల మీద పగిలిన డబ్బా మీరెవరైనా చూశారా? మందు కంపెనీ, డీలరు, తోట యజమాని, వ్యవసాయ అధికారి ఇంతమందిని దాటుకుని బాధ్యత చివరికి ఆ స్త్రీ చేతిలోకి వచ్చి పడింది. అప్పుడు మనం వెళ్లి ఆమెకు అవగాహన తరగతి పెడుతున్నాం.

మైక్రాన్ల గురించి ఒక్కమాట, ఎందుకంటే మన సమావేశాల్లో ఇది తరచూ గందరగోళమవుతుంది. 1999లో క్యారీబ్యాగు 20 మైక్రాన్ల మందం ఉండాలన్నారు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు నుంచి 75, 2022 డిసెంబరు ఆఖరు నుంచి 120. ఇదంతా చెత్త ఏరడానికి, మళ్లీ కరిగించడానికి పనికొచ్చే లెక్క. కవరు మందమైనంత మాత్రాన అందులో పోసిన వేడి సాంబారుకు రక్షణ ఏమీ పెరగదు. కోడిమాంసం వేసి ఇచ్చే నల్ల కవరు సంగతి మందంతో తేలేది కాదు. అది చాలాసార్లు ఏవేవో పాత ప్లాస్టిక్కులు కరిగించి చేసింది, నలుపు వాటి రంగులన్నీ దాచేస్తుంది. అలాంటి కవర్లలో ఆహారం ఇవ్వకూడదని నిబంధన ఎప్పటి నుంచో ఉంది.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు నిషేధించాక వాటి స్థానంలో పేపర్ కప్పులు వచ్చాయి. మన కళ్లముందే సారపాకలో కాగితపు అట్టల మిల్లు ఉంది. చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటలు దాని కోసమే పెరుగుతున్నాయి. కాగితం కాబట్టి మంచిదే అనుకుంటాం. కానీ టీ కారిపోకుండా ఉండాలంటే కాగితం లోపల ఒక పొర కావాలి, మామూలుగా అది పాలిథినే. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వస్తున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటి పరిశోధకులు 2020లో తెలిపారు. (ఇందాక టీ విరామంలో మనమందరం తాగింది ఆ కప్పుల్లోనే. నిర్వాహకులను తప్పుపట్టడం లేదు, గాజు గ్లాసులు పెడితే కడిగేది మళ్లీ ఎవరో మనకు తెలుసు.)

ఈ మొత్తం వ్యవహారంలో ఓడిపోయింది ఆకు. మోదుగాకు, అడ్డాకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసేది ఎక్కువగా ఆదివాసీ స్త్రీలు. నీళ్లకూ జావకూ సొరకాయ బుర్ర ఉండేది. వీటిని నేను గతకాలపు అందాలుగా చూపించడం లేదు. ఆకు కోసం మైళ్లు నడవాలి, ఫారెస్టు వాళ్ల బెదిరింపులు భరించాలి, కట్టకు వచ్చే డబ్బు చూస్తే గంటకు ఎంత పడుతుందో లెక్క వేయడానికే సిగ్గేస్తుంది. విస్తరి చౌకగా ఉన్నది స్త్రీల శ్రమ చౌకగా ఉన్నంతకాలమే. అంతకన్నా చౌకగా థర్మాకోల్ ప్లేటు రాగానే పెళ్లిళ్లూ జాతరలూ అటు తిరిగాయి. ఇప్పుడు పట్నాల్లో ఆకు ప్లేట్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. యంత్రంలో వత్తే వాటిలో కొన్నింటికి వెనక అట్టా, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొరా వేస్తున్నారు. చూడటానికి అడవి, తినేది మళ్లీ అదే పొర మీద.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆకు అందులోకే వస్తుంది. మన సంఘాలు పోడు పట్టాల మీద పెట్టిన శ్రద్ధ ఈ హక్కు మీద పెట్టలేదని నా అభిప్రాయం. పట్టా మగవాడి పేరుతోనో, ఇద్దరి పేర్లతోనో వస్తుంది. ఆకు మాత్రం ఎప్పుడూ స్త్రీ పనే. ఆహార భద్రత వేరే విషయం, అడవి హక్కు వేరే విషయం అని ఫైళ్లు విడదీశాయి కాబట్టి మనమూ విడదీసుకున్నాం. తిండి దేని మీద పెట్టుకుని తింటాం అన్న దగ్గర రెండూ ఒకటే.

ఏం చేద్దాం అంటే, నా దగ్గర రెండు ప్రతిపాదనలున్నాయి. మొదటిది తోటల్లో. తాగునీళ్లు, వాటికి శుభ్రమైన పాత్ర తోట యజమాని ఏర్పాటు చేయాలన్నది కూలి మాట్లాడుకునే రోజునే మాట్లాడుకోవాలి. రానూపోనూ బండి ఖర్చు మాట్లాడుకున్నట్టే ఇదీ. మందు డబ్బాలకు రంధ్రం చేసి డీలరుకు అప్పగించాలి, డీలరు తీసుకోవాలి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్యాకింగు ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత కంపెనీలది కూడా. ఆ కాగితం పట్టుకుని అడుగుదాం.

రెండోది పరీక్ష గురించి. హైదరాబాద్ చర్లపల్లిలో సీపెట్ సంస్థ ఉంది, అక్కడ వలస పరీక్షలు చేస్తారు. కొత్త పామాయిల్ డబ్బాతో పాటు, ఏడాది వాడిన డబ్బాను కూడా తీసుకెళ్దాం. 40 డిగ్రీల్లో కాదు, మన మే నెల వేడిలో పరీక్షించమని అడుగుదాం. ఏన్కూరు, జూలూరుపాడు, బూర్గంపహాడ్ నుంచి, వీలైతే 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిన చింతూరు, కూనవరం వైపు నుంచి కూడా ఓ ముప్పై డబ్బాలు పోగుచేయగలిగితే చాలు. ఒక్కో డబ్బాకు చీటీ కట్టాలి. మొదట దానిలో ఏముంది, తర్వాత ఏం పోశారు, దేనితో తోముతారు, ఎండలో ఉంచుతారా అన్నవి రాయాలి. ఇవన్నీ ఆ డబ్బా వాడే స్త్రీకి మాత్రమే తెలిసిన విషయాలు. కాబట్టి ఆమె పేరు ఇష్టమైతే రాద్దాం, లేకపోతే వద్దు.

ఒక షరతు. డబ్బా తీసుకున్న చోట అప్పటికప్పుడు స్టీలు బిందె ఇవ్వాలి, తర్వాత ఇస్తామని చెప్పి కాదు. ఆమె సాయంత్రం దాకా నీళ్లు లేకుండా మిరపకాయలు కోయలేదు కదా. కోతలు జనవరి చివర ఊపందుకుంటాయి. ముప్పై బిందెలకు ఎంత అవుతుందో, ఏ సంఘం ఎన్ని తెస్తుందో భోజనాల తర్వాత కూర్చుని రాసుకుందాం.